నూనె పిన్ని

ఇప్పుడు తీగ ముక్కలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. దువ్వెన పళ్ళలా ఒకదానికొకటి జిగురుతో అంటుకుని, రెండు చివరలా మిషను వంచిన కొక్కేలతో, ఒక్కటి కూడా పొట్టీ పొడుగూ కాకుండా వస్తున్నాయి. సిమెంటు తడి తగలగానే జిగురు కరిగి దేనికది విడిపోతుంది. యార్డులో కొత్త పెట్టె విప్పిన ప్రతిసారీ పిన్ని ఒక ముక్క చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కొక్కేన్ని బొటనవేలి గోటితో మీటి చూస్తుంది. "బాగానే వంచాడు" అంటుంది, ఆ మిషను తనకు తెలిసిన కుర్రాడెవడో అయినట్టు. ఆ తరవాత ఆమెతో కాసేపు మాట్లాడి లాభం లేదు. మనిషి కుర్చీలోనే ఉంటుంది గానీ మనసు ఆ పాత చెక్కబల్ల దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఆ బల్లకి దగ్గర దగ్గరగా రెండు మేకులు కొట్టి ఉండేవి. ఇనప చువ్వలు కట్టే సన్న తీగ చుట్టలు చుట్టలుగా వచ్చేది. దాన్ని ఉలితో వేలెడు ముక్కలుగా నరికి, ఒక్కో ముక్కని మేకుల మధ్య దూర్చి అటొక వంపు, ఇటొక వంపు తిప్పితే పని అయినట్టు. మురుగు కాలవల మీద, మ్యాన్‌హోళ్ళ మీద వేసే సిమెంటు మూతల్లో కలపడానికి అవి. ఆ ముక్కలు వంచీ వంచీ పిన్ని చూపుడువేలు కూడా ఒక పక్కకి వంగిపోయింది. "నేను వాటిని వంచానో, అవే నన్ను వంచాయో" అని నవ్వుతుంది.

యార్డంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు. రైలు పట్టాల గోడ వెనక ఒక రేకుల షెడ్డు, ఇసుక గుట్ట, చిన్న కంకర గుట్ట, గుండ్రటి ఇనప అచ్చులు, మూతలు నానబెట్టే నీళ్ళ తొట్టి, అంతే. చివర రెండు గదుల ఇల్లు. ఇంట్లో ఏది ముట్టుకున్నా సిమెంటు దుమ్మే. అద్దం తుడిస్తే మొహం కనపడేది, జడ వేసుకునేలోపు మళ్ళీ మసకబారేది. శుభ్రం అంటే ప్రాణం పెట్టే మనిషి ఆ ఇంటికే కాపురానికి రావాలని ఎవరు రాసిపెట్టారో గానీ, రాసినవాడికి హాస్యం బాగా వచ్చు.

ఆమెకి పెళ్ళి ఆలస్యంగా అయింది. తండ్రి మంచాన పడితే, పెళ్ళి కావలసిన వయసంతా ఆయనకి సేవ చెయ్యడంలోనే గడిచిపోయింది. ఆయన పోయేసరికి వచ్చే సంబంధాలన్నీ రెండో పెళ్ళివాళ్ళవే. అలా వచ్చిన సంబంధమే మూతల మేస్త్రి. మంచివాడు, నలుగురిలో మాటకారి, మొదటి భార్య జ్వరంతో పోయింది. మూడో తరగతి చదివే కూతురుంది. ఆ పిల్ల కాలు ఒకచోట నిలవదు, నోరు ఒక క్షణం ఆగదు. అందుకే మేస్త్రి దాన్ని పిడుగు అనేవాడు, యార్డంతా కూడా అలాగే పిలిచేది.

"పిన్ని అని పిలవాలమ్మా" అని మేస్త్రి కూతురికి చెప్పాడు.

పిడుగు ఆమెని కింది నుంచి పైదాకా చూసి, "పిన్ని గారూ" అంది.

ఆ 'గారు' పిన్ని గుండెలో ముల్లులా దిగింది. నాన్నని నువ్వు అనే పిల్ల, కంకర దింపే లారీ డ్రైవరుని కూడా నువ్వు అనే పిల్ల, ఈమెని మాత్రం మీరు అనేది. కొత్త టీచరుతో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడేది. పిన్ని బంగారం అడగలేదు, పట్టుచీరలు అడగలేదు. ఈ పిల్ల తనని సొంత మనిషి అనుకుంటే చాలు, ఆ ఒక్కటే కోరుకుంది. అదే అన్నిటికన్నా ఖరీదైన కోరికని అప్పటికి ఆమెకి తెలియదు.

వీధి మాత్రం కళ్ళల్లో వత్తులేసుకుని చూసేది. ఎదురింట్లో ఒక టైలరమ్మ ఉండేది. ఆవిడ కుట్టుమిషను పొద్దస్తమానం చప్పుడు చేస్తూనే ఉండేది. యార్డు ఇంట్లో కాస్త గొంతు పెరిగినా, పిల్ల ఏడుపు వినపడినా ఆ చప్పుడు ఠక్కున ఆగిపోయేది. ఆగిందంటే ఆవిడ చెవులు ఇటు పెట్టిందన్నమాట. 'సవతి తల్లి' అన్న మాట ఆవిడ ఒక్కసారి కూడా పైకి అనలేదు. అనక్కర్లేదుగా, మిషను ఆగితే చాలు. పిన్ని తన గొంతుని ఆ మిషను చప్పుడు దాటనివ్వకుండా బతికింది.

ఆమెకి నూనె పిన్ని అని పేరొచ్చింది వచ్చిన మొదటి వానాకాలంలోనే. మేస్త్రి మూతలు దింపడానికి పక్క ఊరు వెళ్ళాడు. వెళ్ళేముందు, "ఆ సంచిలో ముక్కలు జాగ్రత్త" అని మాత్రం అన్నాడు. వానజల్లు కొట్టి గోనెసంచి తడిసింది. తెల్లారి విప్పి చూస్తే ముక్కలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పిన్ని ప్రాణం ఉసూరుమంది. తన చేతికి అప్పగించిన మొదటి పని, తుప్పు పట్టించి కూచుంది!

ఏం చెయ్యాలా అని చుట్టూ చూసింది. రోజూ పొద్దున్నే మేస్త్రి ఏం చేస్తాడు? మెకానిక్కు దగ్గర తెచ్చిన నల్లటి పాత ఇంజనాయిల్లో గుడ్డ ముంచి, ఇనప అచ్చులన్నిటికీ రాస్తాడు. అచ్చులెప్పుడూ నిగనిగలాడుతూ ఉంటాయి. ఇంకేం, దారి దొరికింది. ముక్కలన్నీ సబ్బునీళ్ళలో వేసి కొబ్బరిపీచుతో తోమింది, పాత దుప్పటి మీద ఆరబోసింది, ఆరాక గుడ్డతో నూనె పట్టించింది. ఆ నల్లటి నూనె ఏమిటని, ఇంట్లో ఉన్న మంచి మిషను నూనే వాడింది. సాయంత్రానికి ముక్కలు వెండి సూదుల్లా మెరిశాయి. పని అంటే ఇదీ అని ఆమె ఆ పూట తృప్తిగా అన్నం తిన్నది.

మర్నాడు మేస్త్రి తిరిగొచ్చాక మూతలు పోశారు. సిమెంటు, ఇసుక, కంకర కలుపుతుంటే తీగ ముక్కల్ని ఒక్కసారిగా కుమ్మరించకూడదు, పిచ్చుకగూడులా ఉండలు కడతాయి. జల్లెడలో పోసి, పిండి జల్లించినట్టు కొద్దికొద్దిగా రాల్చాలి. సెలవు రోజుల్లో అది పిడుగు పని. "వీటితో చేతులు జిడ్డవుతున్నాయేంటి?" అని అడిగింది పిల్ల. "శుభ్రం చేశానమ్మా" అంది పిన్ని, కాస్త గర్వంగానే.

మేస్త్రికి ఒక అలవాటుండేది. పోసిన ప్రతి విడతలోంచి ఒక మూతని బలి ఇచ్చేవాడు. తొట్టిలో బాగా నానిన మూతని షెడ్డు దూలం కింద రెండు రాళ్ళ మీద పెట్టి, దాని నడుమ లారీ జాకీ నిలబెట్టి, జాకీ తల దూలానికి ఆనించి తిప్పేవాడు. మంచి మూత ముందు ఒక వెంట్రుకంత చీలేది. చీలినా విడిపోయేది కాదు. తిప్పుతున్నకొద్దీ కిర్రు కిర్రుమని గొణుగుతూ, చీలిక నెమ్మదిగా వెడల్పవుతూ, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి వదలక అలాగే వేలాడేవి. లారీ చక్రం ఎక్కి చీలిన మూత మీద నడిచేవాడి ప్రాణం ఆ గొణుగుడులోనే ఉంటుందని మేస్త్రి అనేవాడు.

ఆ విడత మూత గొణగలేదు. జాకీ నాలుగు తిప్పులు తిరిగిందో లేదో ఠప్పుమని రెండుగా విడిపోయి నేల మీద పడింది. యార్డులో అందరూ పని ఆపి చూశారు.

మేస్త్రి ఒక ముక్క ఎత్తి వెలుగులో పెట్టాడు. విరిగిన మొహం నిండా తీగ ముక్కలు, గడ్డం పెరిగినట్టు బయటికి పొడుచుకుని, తళతళ మెరుస్తున్నాయి. రెండో ముక్కలో వాటికి సరిపడా నున్నటి బొక్కలు. ఒక్క తీగకి కూడా సిమెంటు రవ్వంతైనా అంటలేదు. కొక్కేలు సైతం ఆ జిడ్డులో సాగి, ఒరలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేశాయి. ఆయన ఒక తీగని వేళ్ళతో రుద్ది, వాసన చూశాడు.

"వీటికి నూనె ఎవరు రాశారు?"

పిన్ని ముందుకొచ్చింది. "నేనేనండీ. తుప్పు పట్టాయని..."

మేస్త్రి అచ్చుల వైపు చెయ్యి చూపించి, "వాటికి రోజూ నూనె ఎందుకు రాస్తాను?" అన్నాడు.

"మెరవడానికి."

"సిమెంటు అంటకుండా ఉండటానికే పిచ్చిదానా! అచ్చు వదిలెయ్యాలి కాబట్టి అచ్చుకి నూనె. తీగ పట్టుకోవాలి కదా, దానికెందుకు?"

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంతవరకూ ఒక మూల నిలబడి చూస్తున్న పిడుగు పకపకా నవ్వింది. ఆమె వచ్చాక ఆ ఇంట్లో పిల్ల అలా నవ్వడం అదే మొదలు. "నూనె పిన్ని గారు! నూనె పిన్ని గారు!" అంటూ యార్డంతా పరిగెత్తింది. పనివాళ్ళు కూడా అందుకున్నారు. ఆ విడత మూతలన్నీ పగలగొట్టి రోడ్డు గుంతల్లో వేశారు. అంత నష్టంలోనూ పిన్నికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. వెక్కిరింతైతేనేం, పిల్ల తనకంటూ ఒక పేరు పెట్టింది.

ఆ సాయంత్రం మేస్త్రి ఆమెని కూచోబెట్టి చెప్పాడు. "సిమెంటు పగలక మానదు. బరువు పడితే ఎంత మంచి సిమెంటైనా ఎక్కడో ఒకచోట చీలుతుంది. అప్పటిదాకా ఈ తీగ ఉన్నా లేనట్టే. చీలాకే దానికి పని. అటు ముక్కని, ఇటు ముక్కని పట్టుకుని వేలాడాలి. పట్టుకోవాలంటే దాని ఒంటికి కాస్త గరుకుండాలి. పైపైన ఎర్రగా పట్టిన తుప్పు మంచిదే, పొరలుగా రాలేదే చెడ్డది."

పిన్ని పట్టుదల మనిషి. ఒక తప్పు చేస్తే దాన్ని దిద్దడానికి ఇంకో తప్పు చేసే రకం. ఈసారి తీగ ఎలా జారుతుందో చూద్దామని, చివరలని కొక్కేలుగా కాకుండా సుత్తితో కొట్టి గట్టి ముడులుగా వేసి, ఒళ్ళంతా మెలికలు తిప్పింది. మూతని జాకీ కింద పెడితే, చీలాక టప్ టప్ మని లోపల తీగలు తెగిపోయిన చప్పుడు. ఇదీ ఎక్కువసేపు నిలవలేదు.

"ఈసారి మరీ కట్టిపడేశావు" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. "కదలనివ్వకపోతే తెగుతుంది. తీగ జారకూడదు, తెగకూడదు. అత్తారింటికి పంపుతున్న పిల్లలా ఏడుస్తూ రావాలి. గడప పట్టుకుని, గుంజ పట్టుకుని, వెనక్కి తిరిగి చూస్తూ రావాలి. అలా గీసుకుంటూ వచ్చినంతసేపూ మూత కూలదు."

ఆ తరవాత మూత పరీక్ష ఆ ఇంట్లో ఒక ముచ్చటైపోయింది. మేస్త్రి జాకీ తిప్పుతూ ఆగి, మూతకి ఒక పక్క చెవి ఆనించేవాడు. ఇంకో పక్క పిడుగు. "నువ్వూ విను" అంటే పిన్ని కూడా చెంగు నడుముకి దోపి, మోకాళ్ళ మీద కూచుని చెవి పెట్టేది. లోపల తీగలు ఒక్కొక్కటే సిమెంటుని గీసుకుంటూ కదిలే చప్పుడు, పెంకుటింట్లో ఎలుక నడిచినంత మెల్లగా వినపడేది. "వస్తోంది" అనేవాడు మేస్త్రి. "ఏడుస్తోంది" అనేది పిడుగు. ముగ్గురి చెంపలకీ సిమెంటు మరకలు. వచ్చే రైలుకి షెడ్డు రేకులు అదిరితే, చప్పుడు చెడిపోయిందని ముగ్గురూ కలిసి రైలుని తిట్టేవాళ్ళు. పిన్ని బతుకులో సుఖం అంటూ ఏదైనా ఉంటే ఆ సాయంకాలాలే. ఆ సంగతి అప్పుడు తెలిసి ఉంటే ఇంకొంచెం నెమ్మదిగా గడిపేదాన్ని అంటుంది.

అంతా బాగానే ఉందిగా అంటారేమో. లేదు. చెవులు మూత మీంచి తీశాక పిడుగు మళ్ళీ 'పిన్ని గారూ, మీరు' అనే పిల్లే.

పిన్ని ఆ పిల్లని ఒక్కసారి కూడా తిట్టలేదు. పల్లెత్తు మాట అనలేదు. గాజు జాడీ పగలగొడితే "పోనీలే అమ్మా, కాలికి గుచ్చుకోలేదు కదా" అని ముక్కలు ఏరింది. లెక్కల్లో సున్నా వస్తే "వచ్చేసారి వస్తాయిలే" అంది. అన్నం సగం తిని కంచం తోసేస్తే ఇంకోటి చేసి పెట్టింది. స్నేహితురాలి ఇంట్లో ఉన్నానని అబద్ధం చెప్పి సినిమాకి పోయి చీకటిపడ్డాక వస్తే, గుమ్మంలో నిలబడి ఉన్న మనిషి "అలిసిపోయావు, కాళ్ళు కడుక్కో" అని పక్కకి తప్పుకుంది.

"ఓసారి తిట్టవే దాన్ని" అని మేస్త్రి ఎన్నిసార్లు అన్నాడో. "నేను తిడితే నవ్వుతుంది. ఆడదాని నోట తిట్టు పడితే గానీ దారికి రాదు."

"నేను తిడితే లోకం ఊరుకుంటుందా? అయినా తిట్టడానికి నేనెవర్ని?" అనేది పిన్ని, ఎదురింటి వైపు చూస్తూ.

పిడుగు ఎదిగినకొద్దీ తుంటరి పనులూ ఎదిగాయి. కావాలనే చేస్తున్నట్టు, ఒక్కోసారి చేసి పిన్ని మొహంలోకి చూస్తూ నిలబడేది. ఏం కనపడుతుందా అని వెతికేది. ఏమీ కనపడక, పెదవి విరిచి వెళ్ళిపోయేది. పక్కవీధిలో స్నేహితురాలిని వాళ్ళమ్మ చెవి మెలేసి ఇంట్లోకి లాక్కెళుతుంటే, పిడుగు గేటు దగ్గర నిలబడి కన్నార్పకుండా చూడటం పిన్ని గమనించింది. పాపం స్నేహితురాలి కోసం బాధపడుతోంది అనుకుంది. చూడండి ఈవిడ తెలివి! సిమెంటుకీ తీగకీ మధ్య సంగతంతా వేలి కొసలతో చెప్పగలిగిన మనిషికి ఇంట్లో ఉన్న పిల్ల సంగతి అర్థం కాలేదు.

పిడుగు పదో తరగతిలో ఉండగా మేస్త్రి పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూచుని, "కాస్త ఆయాసంగా ఉంది" అన్నాడు. పిన్ని మంచినీళ్ళు తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. గ్లాసు ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. అంత పెద్ద గుండె అంత చప్పుడు లేకుండా ఎలా ఆగిందో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు.

వారం తిరక్కుండా పిడుగు అమ్మమ్మ వచ్చింది. మంచి మనిషే. ముందు కూతురిని పోగొట్టుకుంది, ఇప్పుడు అల్లుడు పోయాడు. మనవరాలి మొహంలో కూతురు కనపడుతుందని గడ్డం పట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక పిన్నిని వంటింట్లోకి పిలిచింది.

"నిన్ననడానికేం లేదు తల్లీ. మా పిల్లని పువ్వులా చూసుకున్నావు. కానీ ఇప్పుడు నీకు మాత్రం ఈ బరువెందుకు? నువ్వా ఒంటరిదానివి, పైగా ఈ యార్డొకటి. రక్తం పంచుకున్నవాళ్ళం మేమున్నాం. దాన్ని తీసుకెళ్ళిపోతాను."

పిన్ని ఏ హక్కుతో వద్దంటుంది? కన్నదా? పెంచింది కొన్నాళ్ళు, అదీ 'మీరు' అనిపించుకుంటూ. "పిల్లకి ఎలా బాగుంటే అలా అండీ" అంది. అని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూడకుండా నిలబడింది.

ఒప్పుకున్న మూతలు అప్పగించాలి కాబట్టి యార్డులో పని ఆగలేదు. సెలవురోజు పిడుగు ఎవరూ పిలవకుండానే వచ్చి జల్లెడ పట్టుకుంది. తీగ ముక్కలు రాలుతున్న చప్పుడొక్కటే. జల్లెడ ఖాళీ అయ్యాక పిల్ల దాన్ని పట్టుకునే నిలబడి అడిగింది.

"పిన్ని గారూ, నేను వెళ్ళిపోనా?"

"నీ ఇష్టం అమ్మా. నీకెక్కడ బాగుంటే అక్కడ."

"మీకేం లేదా?"

"నాదేముంది? నువ్వు సుఖంగా ఉంటే చాలు."

పిడుగు ఆమె వంక ఒక్క క్షణం చూసి, జల్లెడని గోడకేసి కొట్టి లోపలికి పోయింది. పిన్ని వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, మేకుకి తగిలించింది. పిల్లకి తండ్రి గుర్తొచ్చి కోపం వచ్చిందనుకుంది.

బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి, సూట్‌కేసు సర్దింది. దారిలో తాగడానికి నీళ్ళ సీసా, తలనొప్పికి మందుబిళ్ళలు కూడా పెట్టింది. ఆవిడ సర్దుడు చూస్తే పిల్లని పంపడానికి తొందరపడుతోందని అనుకోవాలి ఎవరైనా. పిల్ల అదే అనుకుంది. చేతులు ఆగితే ఏడుపు వస్తుందని సర్దుతోందని ఎవరు చెప్పాలి?

బయల్దేరే పొద్దున మేనమామ వ్యాను తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు. అమ్మమ్మ ముందు ఎక్కింది. పిడుగు ఎక్కి కిటికీ పక్కన కూచుని, ఎటో చూస్తోంది. పిన్ని ఏమైనా మరిచిపోయారేమోనని గదిలోకి వెళ్ళింది. అరలో స్కూలు పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అట్టలు వేసినవి, వేయనివి, అన్నీ. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి, పుస్తకాలు మరిచిపోతే ఎలా అని చేతుల్లోకి తీసుకుని, చెంగు జారుతున్నా పట్టించుకోకుండా గేటు దాకా పరిగెత్తింది.

"ఇవి మరిచిపోయావమ్మా."

"మరిచిపోలేదు" అంది పిడుగు, తల తిప్పకుండానే. "అక్కర్లేదు. నేను పరీక్షలు రాయడం లేదు."

"రాయకపోవడం ఏమిటి?"

"రాయను. చదువు మానేస్తాను. అయినా మీకెందుకు?"

అమ్మమ్మ సర్దిచెప్పబోయింది. "పోనీలే తల్లీ, మనసు బాగాలేదు దానికి. ఒక ఏడాది పోతే పోయింది, వచ్చే ఏడు అక్కడే చేరుస్తాం."

పోనీలే. ఆ మాట ఇన్నేళ్ళూ పిన్ని నోట్లో ఉన్న మాటే. ఇంకొకరి నోట వినేసరికి ఆమెకి ఏమైందో ఆమెకే తెలియదు.

"ఏమే! ఏంటే నువ్వు మాట్లాడేది? పదో తరగతి పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని ఊరేగుతావా? మానేస్తుందట చదువు! ఎవర్నడిగి మానేస్తావే? దిగు! ముందు కిందికి దిగు!"

వ్యానులో ఉన్నవాళ్ళే కాదు, షెడ్డులో పనివాళ్ళు కూడా నిశ్చేష్టులైపోయారు. పిన్నికి అవేవీ కనపడలేదు. ఏళ్ళ తరబడి మింగినవన్నీ వరస తప్పి వస్తున్నాయి. "మీ నాన్న నెత్తికెక్కించుకుంటే ఎక్కి కూచున్నావు. నా దగ్గర కుదరవు ఆ వేషాలు. జాడీ పగలగొట్టావు, ఊరుకున్నాను. అబద్ధం చెప్పి సినిమాకి పోయావు, అడిగానా? గుమ్మంలో నిలబడి నా ప్రాణం ఎంత గిలగిలా కొట్టుకుందో తెలుసా నీకు? లెక్కల్లో సున్నా! మళ్ళీ జల్లెడ గోడకేసి కొడుతుంది! ఎవడి మీదే ఆ కోపం? దిగుతావా, జుట్టు పట్టుకుని దించమంటావా?"

పిన్ని పుస్తకాలు ఒక చేత్తో గుండెకి అదుముకుని, ఇంకో చేత్తో వ్యాను తలుపు లాగి, పిల్ల మణికట్టు పట్టుకుంది. గరుకు చెయ్యి, తీగలు గుచ్చుకుని కాయలు కాసిన చెయ్యి. పిడుగు ఆ చేతి వంక చూసింది, తరవాత మొహంలోకి చూసింది. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్నది అక్కడ కనపడింది కాబోలు, కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. పెదవులు మాత్రం బిగబట్టుకుంది, నవ్వు ఎక్కడ బయటపడుతుందోనని.

"చూశావా, ఇన్నాళ్ళకి బయటపడింది అసలు రంగు!" అంది అమ్మమ్మ బిత్తరపోయి. "నువ్వు పద తల్లీ. నిన్ను ఇలాంటిచోట నేనుంచను."

పిడుగు అప్పటికే ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలు కూడా పెట్టి, పిన్ని చేతిలోంచి పుస్తకాలన్నీ లాక్కుని, తనదేం తప్పు లేదన్నట్టు, ఏం చెయ్యలేనన్నట్టు మొహం పెట్టి వెనక్కి తిరిగింది.

"నేను రాలేను అమ్మమ్మా" అంది. "మా అమ్మ పంపనంటోంది."